ఊళ్ళో వేసిన సిమెంటు రోడ్డు లెక్క అడగడం ఎలా?

మీ వీధిలో నిరుడు వేసిన సిమెంటు రోడ్డు అప్పుడే పెచ్చులూడుతోందా? అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళూ "తినేశారు" అంటారు. ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. ఆ సమాధానం ఒక పుస్తకంలో ఉంటుంది. దాని పేరు ఎం-బుక్, అంటే మెజర్‌మెంట్ బుక్. పని ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం జరిగిందో ఇంజనీరు తన సంతకంతో రాసేది అందులోనే. ఆ కొలతల మీదే బిల్లు అవుతుంది, డబ్బు విడుదలవుతుంది. ఆ పుస్తకంలోని పేజీల నకలు తీసుకునే హక్కు మీకు 2005 అక్టోబర్ 12 నుంచి, అంటే సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఉంది.

ఆ నకలు ఎలా తెచ్చుకోవాలి, వచ్చాక దాన్ని ఎలా చదవాలి, తేడా కనబడితే ఏం చేయాలి అన్నది వరసగా చెబుతాను. రోడ్డునే తీసుకున్నాను కానీ కాలువకైనా, బడి ప్రహరీకైనా, వాటర్ ట్యాంకుకైనా దారి ఇదే.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మా ఊరి రోడ్డు గురించి పెట్టిన మొదటి దరఖాస్తులో రెండు పేజీలు నింపాను. రోడ్డు ఎందుకు పాడైంది, కాంట్రాక్టరు మీద ఎందుకు చర్య తీసుకోలేదు, దీనికి బాధ్యులు ఎవరు, ఇలా పదకొండు ప్రశ్నలు. ఇరవై తొమ్మిదో రోజున రెండు లైన్ల జవాబొచ్చింది: మీరు అడిగినవి సమాచారం నిర్వచనంలోకి రావు. చాలా కోపం వచ్చింది. తర్వాత చట్టం చదివితే ఆ జవాబు సరైనదేనని తెలిసింది. రికార్డులో ఉన్నది ఇవ్వడమే అధికారి బాధ్యత. అభిప్రాయాలు చెప్పడం, కారణాలు వెతికి పెట్టడం ఆయన పని కాదు. 2011లో సుప్రీంకోర్టు కూడా సీబీఎస్‌ఈ కేసులో ఇదే చెప్పింది. కాబట్టి దరఖాస్తులో "ఎందుకు" అన్న మాట వస్తే కొట్టేయండి. ఫలానా కాగితం నకలు ఇవ్వండి అని అడగండి. ఆ "ఎందుకు" మన దగ్గరే ఉండనివ్వండి, కాగితాలు చేతికొచ్చాక అది పనికొస్తుంది.

దరఖాస్తుకు ముందు రెండు రోజుల పని

మొదట ఆ రోడ్డు ఏ నిధులతో వేశారో కనుక్కోండి. ఆర్థిక సంఘం నిధులా, ఉపాధి హామీ మెటీరియల్ నిధులా, ఎంపీ ల్యాడ్స్ నిధులా, పంచాయతీ సొంత డబ్బా అన్నదాన్ని బట్టి కాగితాలు ఏ ఆఫీసులో ఉంటాయో తేలుతుంది. పని జరిగిన చోట వివరాల బోర్డు ఉంటే దాన్ని వెంటనే ఫొటో తీసుకోండి. పని పేరు, అంచనా మొత్తం, నిధుల పద్దు సాధారణంగా దాని మీదే ఉంటాయి. రంగు వెలిసిపోయిందని వదిలేయకండి. సాయంత్రం ఏటవాలు ఎండలో తీస్తే చెరిగిన అక్షరాలు కూడా చాలావరకు తెలుస్తాయి.

తర్వాత ఫోన్‌లోనే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ తెరవండి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులతో మీ పంచాయతీ ఏం ప్లాన్ చేసింది, ఎంత ఖర్చు చూపింది కనబడుతుంది. ఆ పని పేరు అక్కడ ఎలా రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. మీరు "రామాలయం వీధి రోడ్డు" అని అడిగితే, రికార్డులో అది ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ రోడ్డు అని ఉంటుంది. "అలాంటి పని మా రికార్డుల్లో లేదు" అన్న జవాబు చాలాసార్లు ఇందుకే వస్తుంది.

చట్టంలోని 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 అంశాల సమాచారాన్ని ఎవరూ అడక్కుండానే ప్రకటించాలి. పౌర సమాచార అధికారి పేరు, హోదా కూడా అందులో ఉంటాయి. ఆఫీసు గోడ మీద ఆ బోర్డు ఉందేమో చూడండి. లేకపోయినా ఫరవాలేదు, "పౌర సమాచార అధికారి గారికి" అని హోదాతో రాస్తే చాలు, పేరు అక్కర్లేదు.

ఎవరికి పెట్టాలి?

పంచాయతీ తీర్మానాలు, పంచాయతీ ఖాతా నుంచి చెల్లించిన వోచర్లు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి. ఎస్టిమేట్, ఎం-బుక్, క్వాలిటీ రిపోర్టులు ఇంజనీరింగ్ వాళ్ళ దగ్గర, అంటే పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను అడిగితే పుస్తకం ఏ ఆఫీసులో ఉందో చెబుతారు. నా సలహా ఏమిటంటే, రెండు చోట్లా రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకరి దగ్గర దాచినది ఇంకొకరి దగ్గర బయటపడుతుంది. ఒకవేళ తప్పు ఆఫీసుకు పెట్టినా దరఖాస్తు వృథా కాదు. 6(3) సెక్షన్ ప్రకారం ఆ అధికారే 5 రోజుల్లోగా దాన్ని సరైన ఆఫీసుకు బదిలీ చేసి మీకు తెలపాలి. "ఇది మాది కాదు, వాళ్ళను అడగండి" అని తిప్పి పంపకూడదు.

ఫీజు సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, పోస్టల్ ఆర్డర్ పెట్టొచ్చు, కోర్టు ఫీ స్టాంపు అంటించొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళు కార్డు జిరాక్సు జతచేస్తే ఆ ఫీజు కూడా ఉండదు. నకళ్లకు ఎ4 పేజీకి 2 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ శాఖలకైతే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఫీజు 10 రూపాయలు. విదేశాల్లో ఉంటున్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు సొంత ఊరి లెక్క అడగవచ్చు. బడి గదికో, రోడ్డుకో చందా పంపినవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

దరఖాస్తు ఇలా రాయండి

తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయండి, రాష్ట్ర అధికార భాషలో అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. "ఇంగ్లీషులో టైపు చేయించుకు రండి" అంటే ఒప్పుకోవద్దు.

పౌర సమాచార అధికారి గారికి,
(కార్యాలయం పేరు, ఊరు)

విషయం: సమాచార హక్కు చట్టం-2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.

(పని పేరు రికార్డులో ఉన్నట్టే, మంజూరైన సంవత్సరం, నిధుల పద్దు) పనికి సంబంధించి కింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.

1. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఉత్తర్వులు.
2. మంజూరైన ఎస్టిమేట్, డ్రాయింగ్.
3. టెండరు లేదా నామినేషన్ (టెండరు లేకుండా పని అప్పగించిన) కాగితాలు, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్.
4. ఈ పనికి సంబంధించి ఎం-బుక్‌లోని అన్ని పేజీలు, చెక్ మెజర్‌మెంట్ నమోదులతో సహా.
5. నాణ్యత పరీక్షల రిపోర్టులు.
6. చెల్లించిన బిల్లులు, వోచర్లు, చెల్లింపు తేదీలతో.
7. పని పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం, రికార్డులో ఉన్న ఫొటోలు.

సెక్షన్ 2(జె) ప్రకారం ఈ పనిని, దాని రికార్డులను స్వయంగా తనిఖీ చేయడానికి తేదీ, సమయం తెలపగలరు.

ఆ తర్వాత పేరు, చిరునామా, సంతకం, తేదీ. ఇంతే. కారణం రాయొద్దు, అడిగినా చెప్పొద్దు. అడగకూడదని 6(2) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జవాబు చేరడానికి అవసరమైన చిరునామా ఒక్కటే వాళ్ళకు కావాలి. ఇంటి చిరునామా ఇవ్వడానికి భయంగా ఉంటే పోస్టు బాక్సు నంబరు ఇచ్చినా సరిపోతుందని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది.

భయం అన్నాను కదా, అది ఉత్త అనుమానం కాదు. లెక్క అడిగినవాళ్ళ మీద మన దేశంలో దాడులు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి. అందుకే ఒక్కరే ముందుకు వెళ్లకండి. అదే దరఖాస్తును వీధిలో నలుగురైదుగురు ఎవరి పేరుతో వాళ్ళు పెట్టండి. బయటి ఊళ్ళో ఉన్న మీ బంధువు ఒకరు కూడా పెడితే ఇంకా మంచిది, దరఖాస్తుదారు ఆ ఊరివాడే అయ్యుండాలన్న నియమం లేదు. కాగితాలు చేతికి రాకముందే వాట్సాప్ గ్రూపులో "బయటపెడతాం చూడండి" అని రాయకండి. రాస్తే మీ శత్రువులు పెరుగుతారు తప్ప మీకు ఒక్క పేజీ కూడా అదనంగా రాదు.

చేతితో ఇస్తే మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. "పెట్టి వెళ్ళండి, చూస్తాం" అంటే వెనక్కి తీసుకుని పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే చేయాలి. ట్రాకింగ్‌లో అందినట్టు చూపిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు అప్పీలులో అదే మీ సాక్ష్యం.

ముప్పై రోజులు

దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు రావాలి. సహాయ సమాచార అధికారికి ఇస్తే 35 రోజులు. మధ్యలో "నకళ్లకు ఇన్ని రూపాయలు కట్టండి" అని లేఖ వస్తే, ఆ లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకు గడువు లెక్కలోకి రాదు. కాబట్టి వెంటనే కట్టేయండి. గడువు దాటిందంటే నకళ్లు ఉచితంగానే ఇవ్వాలి, అది 7(6) సెక్షన్.

ఈ నెల రోజుల్లో ఒకటి రెండు ఫోన్లు వస్తాయి. "ఏం బాబూ, ఏం కావాలి, వచ్చి మాట్లాడు" అంటారు. గొంతు చాలా ఆప్యాయంగా ఉంటుంది. మర్యాదగా "కాగితాలు పోస్టులో పంపండి సార్" అని పెట్టేయండి. కొన్నిచోట్ల కాంట్రాక్టరు మనిషే వచ్చి ఏదో సర్దుబాటు చేసుకుందాం అంటాడు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఒక్క రూపాయి ముట్టుకున్నా, ఒక్క టీ ఎక్కువ తాగినా, ఆ రోజుతో మీ దరఖాస్తు చచ్చిపోయినట్టే. మీదే కాదు, ఆ మండలంలో రేపు దరఖాస్తు పెట్టే ప్రతి మనిషినీ "వీడూ డబ్బుల కోసమే" అనేలా చేస్తారు. లెక్క అడిగేవాడి చేతులు శుభ్రంగా ఉండాలి.

సమాచారం ఇవ్వడానికి ఆఫీసులో ఎవరైనా లంచం అడిగితే రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. ముందే ఫిర్యాదు చేసి వాళ్ళు చెప్పినట్టు నడుచుకుంటే ఆ డబ్బు ఇచ్చినందుకు మీ మీద కేసు ఉండదు. తప్పనిసరై ఇచ్చేసినా 7 రోజుల్లోగా పోలీసులకో, ఏసీబీకో చెప్పాలి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమైంది, ఆ 7 రోజులే మీకు రక్ష.

కాగితాలు వచ్చాయి. ఎలా చదవాలి?

కట్ట విప్పగానే బిల్లు మొత్తం దగ్గర ఆగిపోకండి. ఎం-బుక్ పేజీ తీయండి. అందులో వరసగా నాలుగు అంకెల గడులు ఉంటాయి: సంఖ్య, పొడవు, వెడల్పు, మందం. చివర వాటిని గుణిస్తే వచ్చిన పరిమాణం.

మా వీధి రోడ్డుకు రాసింది ఇది: 210 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం. గుణిస్తే 94.5 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆ ఆదివారం పొద్దున్నే ఐదుగురం టేపు పట్టుకుని బయల్దేరాం. ఒక చివర రిటైరైన టీచరు గారు, ఇంకో చివర నేను. కొలిచిన ప్రతిసారీ సుద్దముక్కతో గీత గీసి, పక్కన మీటర్లు రాసి, ఫొటో తీశాం. పొడవు 182 మీటర్లు తేలింది. వెడల్పు ఆరు చోట్ల కొలిస్తే ఎక్కడా 2.80 దాటలేదు. మందం చూడాలంటే రోడ్డు తవ్వక్కర్లేదు, తవ్వకూడదు కూడా. మురుగుకాలువ పక్కన అంచు బయటికి కనబడుతుంది, కుళాయి పైపు కోసం కోసిన చోట కనబడుతుంది. అక్కడ స్కేలు పెడితే 12 సెంటీమీటర్లు. 182ని 2.80తో, దాన్ని 0.12తో గుణిస్తే 61 ఘనపు మీటర్లు.

కాగితం మీద 94.5, నేల మీద 61. తేడా 33 ఘనపు మీటర్లు. 1:1.5:3 పాళ్ళలో కలిపితే ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. ఆ లెక్కన 260కి పైగా బస్తాలు మా వీధికి రాకుండానే వచ్చినట్టు బిల్లయింది. టీచరు గారు రోడ్డు మీదే గొంతుక్కూర్చుని ఆ గుణకారం మూడుసార్లు చేశారు. ఆయన చదువు చెప్పిన బడికి వెళ్ళే దారి అది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అంచుల దగ్గర మందం తగ్గి మధ్యలో సరిగ్గా ఉండే అవకాశం ఉంది. కాబట్టి మందం విషయంలో మీ స్కేలు కొలత ఆధారం మాత్రమే, తీర్పు కాదు. రోడ్డులోంచి గుండ్రంగా కోర్ తీసి కొలిస్తేనే అది తేలుతుంది, ఆ పని క్వాలిటీ కంట్రోల్ వాళ్ళది. 2(జె) సెక్షన్‌లో పదార్థాల ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉంది, దాన్ని చూపించి కోర్ తీయమని అడగొచ్చు. పొడవు, వెడల్పులకు మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

కొలతల కన్నా తేదీలు ఎక్కువ మాట్లాడతాయి. ఎం-బుక్‌లో కొలతలు నమోదైన తేదీ, పై ఇంజనీరు చెక్ మెజర్‌మెంట్ చేసిన, అంటే మళ్ళీ కొలిచి సరిచూసిన తేదీ, బిల్లు తేదీ పక్కపక్కన రాయండి. మా కాగితాల్లో కొలతలు శ్రీరామనవమికి ముందే పడ్డాయి. కాంక్రీటు పోసింది పందిళ్లు విప్పాక. పందిరి రాట కోసం తవ్విన మట్టి గుంటలు మేమే పూడ్చాం కాబట్టి వీధిలో ప్రతి ఒక్కరికీ ఆ సంగతి గుర్తుంది. పోయని కాంక్రీటును కొలిచిన సంతకం అది. నాణ్యత రిపోర్టుల్లోనూ ఇలాంటివి దొరుకుతాయి. కాంక్రీటు దిమ్మెలను 28 రోజుల బలానికి పరీక్షించామని రాసి, పోసిన తేదీకి, పరీక్ష తేదీకి మధ్య 28 రోజులు లేకపోతే ఆ కాగితం ఆఫీసులో కూర్చుని రాసిందేనని అనుమానించండి.

అగ్రిమెంట్‌లో ఇంకో పేజీ తప్పక వెతకండి. డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది. పని పూర్తయ్యాక అంత కాలం లోపల రోడ్డు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి, అందుకోసం అతని డిపాజిట్ కొంత ఆఫీసు దగ్గర ఆపి ఉంచుతారు. ఎన్ని నెలలో మీ అగ్రిమెంట్ చూసే తెలుసుకోవాలి. గడువు ఇంకా ఉంటే అవినీతి రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు. ఈ పేజీ జతచేసి "మరమ్మతు చేయించండి, అప్పటిదాకా డిపాజిట్ విడుదల చేయకండి" అని ఇంజనీరింగ్ ఆఫీసుకు రాయండి. జనం దీన్ని అస్సలు వాడుకోరు, నాకు బాధ కలిగించే సంగతి ఇది.

ఇవ్వకపోతే

జవాబు రాకపోయినా, సగమే వచ్చినా, కారణం నచ్చకపోయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అదే శాఖలో పై అధికారికి, 19(1) సెక్షన్ కింద. మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఫీజు లేదు. ఒక పేజీ చాలు: ఏ తేదీన అడిగాను, ఏం వచ్చింది, ఏం రాలేదు, దరఖాస్తు కాపీ జత. ఆయన 30 రోజుల్లో, లేదా కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి.

తిరస్కరణల్లో తరచూ వినబడేవి కొన్ని ఉన్నాయి. "సమాచారం చాలా ఎక్కువ" అంటారు. 7(9) సెక్షన్ ఇచ్చే రూపం గురించి చెబుతుంది తప్ప ఇవ్వొద్దని చెప్పదు. అలాంటప్పుడు రికార్డులు నేనే వచ్చి చూసుకుంటాను అనండి, మొదటి గంటకు ఫీజు లేదు. "విచారణలో ఉంది" అంటే, విచారణకు ఇది ఎలా అడ్డం వస్తుందో రాయమనండి, ఊరికే ఆ మాట చెబితే చాలదు. ఇవ్వకపోవడం సరైనదే అని నిరూపించే బాధ్యత అధికారిదే, మీది కాదు.

ఈమధ్య ఎక్కువగా "వ్యక్తిగత సమాచారం" అన్న మాట వస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. పాత సెక్షన్‌లో ఉన్న ప్రజా ప్రయోజనం షరతు అందులోంచి పోయింది. ఈ మార్పు మంచిది కాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే లెక్కల్లో మనుషుల పేర్లు లేకుండా ఉండవు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. దాచడం వల్ల కలిగే మేలు కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ అలాగే ఉంది. దాచాల్సిన భాగాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలనే 10వ సెక్షన్ కూడా ఉంది. కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు మీద నల్లగీత కొట్టుకోమనండి. రోడ్డు పొడవు ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు.

మొదటి అప్పీలుతోనూ పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు తేలితే అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా, అదీ ఆయన సొంతంగా కట్టుకోవాల్సింది. కమిషన్‌కు 18వ సెక్షన్ కింద నేరుగా ఫిర్యాదు కూడా చేయొచ్చు, కానీ ఆ దారిలో కాగితాలు ఇప్పించే ఆదేశం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాలే కావాలి కాబట్టి అప్పీలే వేయండి. ఇక్కడ ఓపిక కావాలి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక అప్పీళ్లు గుట్టగా పేరుకుపోయాయి. చట్టం ఎంత బలంగా ఉన్నా కుర్చీ ఖాళీగా ఉంటే మనిషి వరండాలోనే నిలబడాలి. అందుకే మొదటి అప్పీలులోనే పని సాధించేలా కష్టపడండి. ఆ అధికారి విచారణకు పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, వీధిలోవాళ్ళు ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి.

తేడా తేలాక

ఇప్పుడు ఒక పేజీ పట్టిక తయారు చేయండి. ఎడమవైపు కాగితం చెప్పినది, కుడివైపు మీరు కొలిచినది. తేదీల తేడా ఉంటే అదీ. కింద ఎం-బుక్ నకలు, సుద్దగీతల ఫొటోలు, కొలిచినవాళ్ళ సంతకాలు. "దొంగలు", "దోచుకున్నారు" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. అంకెలకు విశేషణాలు అక్కర్లేదు, పైగా పరువు నష్టం కేసుకు మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ముందు గ్రామసభలో చదవండి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబర్‌లో పాలీ జిల్లా కోట్‌కిరానాలో మొదలుపెట్టిన ప్రజా విచారణలు ఇలాగే జరిగాయి. బిల్లులు, మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) ఊరందరి ముందు గట్టిగా చదివారు, పేరు పిలిచినవాళ్ళు లేచి "నేనా పని చేయలేదు" అన్నారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఈ చట్టం వెనక అలా ఎండలో కూర్చున్న కూలీలున్నారు. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ కూడా అదే పద్ధతిలో పెరిగింది. మీ పట్టిక చదివాక తీర్మానం పుస్తకంలో నమోదు చేయించి, ఆ తీర్మానానికి కూడా నకలు తీసుకోండి.

తర్వాత సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు నంబరు లేకుండా బయటికి రాకండి. అదే ఫైలును విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి, ఏసీబీకి పంపొచ్చు. లోకాయుక్తకు కూడా ఫిర్యాదు చేయొచ్చు, కానీ నిర్ణీత ఫారం, అఫిడవిట్ కావాలి. ఒకేసారి అందరికీ పంపేయాలన్న తొందర వద్దు. ఇన్ని చోట్లకు పోయిన కాగితాన్ని ప్రతి ఆఫీసూ "వాళ్ళు చూస్తున్నారు" అని పక్కన పెడుతుంది. విచారణకు ఎవరిని వేశారో, ఎన్ని రోజుల్లో నివేదిక ఇవ్వాలో తెలుసుకోండి. నివేదిక వచ్చాక దాని నకలు కోసం మళ్ళీ ఒక దరఖాస్తు పెట్టండి.

మా ఊళ్ళో ఇలా ఫిర్యాదు చేశాక క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వచ్చి మూడు చోట్ల కోర్ తీశారు. పట్టిక కాపీ పట్టుకుని మేం పక్కనే నిలబడ్డాం. ఆ మూడు గుండ్రటి మచ్చలు ఇప్పటికీ రోడ్డు మీద ఉన్నాయి. రికవరీ ఎంతో, ఎవరి నుంచో తేల్చే ఫైలు ఇంకా నడుస్తోంది. దాని నోట్ ఫైలు నకలు కోసం పోయిన వారమే దరఖాస్తు పంపాను. నోట్ ఫైలు అంటే అధికారులు ఒకరి తర్వాత ఒకరు ఏం రాశారో కనబడే ఆకుపచ్చ కాగితాలు. మీరు అడిగేటప్పుడు "కరెస్పాండెన్స్, నోట్ ఫైల్ రెండూ" అని విడిగా రాయండి. రాయకపోతే అవి పంపరు.